ధర్మసాగర్ కట్ట మీద ఎగిరిన డేరా

దేవుడు యోసేపుకు రెండు వరాలిచ్చాడు. ఒకటి, ఎంత గట్టి నేలలోనైనా గూటం దింపగల చేయి. రెండోది, ఎంత చెప్పినా అలసిపోని నోరు. మొదటిదానికి పని తప్పి ఎనిమిదేళ్లయింది. రెండోదానికి మాత్రం ఆదివారం కూడా సెలవు దొరకలేదు.

మిషను దొరలు ఊరూరా తిరిగి వాక్యం చెప్పే రోజుల్లో వాళ్ల డేరాలు బండికెత్తడం, దించడం, నిలబెట్టడం అంతా యోసేపు పని. వరంగల్ చుట్టుపక్కల ఆయన డేరా కొట్టని మామిడితోట లేదు. తర్వాత దొరలకు జీపులొచ్చాయి. పొద్దున పోయి మాపటికి ఇల్లు చేరుతున్నారు. ఇక డేరాతో పనేముంది? యోసేపు మట్టెవాడలో ఉంటూ ధాన్యం మార్కెట్లో గోనె సంచులు కుట్టుకుంటున్నాడు. డేరా యోసేపు అనే పేరొక్కటే మిగిలింది.

పందొమ్మిది వందల అరవై ఒకటో సంవత్సరం దసరా సెలవులు దగ్గర పడుతుండగా లిదియా టీచర్ ఆయన గుమ్మం ముందు నిలబడింది. సండే స్కూలు పిల్లలను మూడు రోజులు ధర్మసాగర్ చెరువు కట్టకు తీసుకుపోవాలని ఆ పిల్ల ఆశ. నల్లా తిప్పితే పడే నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో పిల్లలు కళ్లారా చూడాలి, చెట్ల కింద వండుకొని తినాలి, నీళ్ల పక్కన కూర్చొని పాటలు పాడాలి, డేరాలో పడుకోవాలి.

"తాతా, గుడి వెనక అర్రల పాత డేరా ఉన్నదట గద. అది నిలవడుతదా?" అని అడిగింది.

యోసేపు ఎనిమిది రోజులు ఆ డేరా ముందే కూర్చున్నాడు. ఎలుకలు కొట్టిన చోటల్లా గోనెసూదితో అతుకులేశాడు. చివికిన తాళ్లు తీసేసి కొత్తవి పేనాడు. కుట్టినంతసేపూ "తండ్రీ, ఇంకొక్కసారి" అనుకుంటూనే కుట్టాడు. అరవై దాటిన మనిషికి ఇంకొక్కసారి అనేది చిన్న ప్రార్థనేమీ కాదు.

కానీ గుడి పాస్టరు అయ్యగారు ఒక షరతు పెట్టారు. ఆదివారం సాయంకాలం ఆరాధన మొదలయ్యేలోపు ఇరవై మంది పిల్లల పేర్లు తన చేతికి రావాలి. రాకపోతే ధర్మసాగర్ లేదు, డేరా లేదు, బడి గదుల్లోనే మూడు రోజుల పాటలు. లిదియా కాగితం మీద ఇరవై రెండు పేర్లయితే ఉన్నాయి. బియ్యం కూడా ఉన్నాయి. వండబోయే ముందు ప్రతి తల్లీ పూటకొక పిడికెడు గుడి కోసం తీసి పక్కన పెట్టిన బియ్యం రెండు కుండలు నిండాయి. కావలసింది ధైర్యం. అది మాత్రం పిడికెడు కూడా పోగుపడలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం తల్లులు చాలామంది సుబేదారిలో సుందర్ రావు గారి అరుగు మీద కూడుకున్నారు. సుందర్ రావు కలెక్టరు కచేరీలో గుమాస్తాగా చేసి దిగిన మనిషి, సంఘపెద్ద. ఆయన పక్కన ఆనందరావు. కొత్తగా వచ్చిన ఇంజనీరింగ్ కాలేజీలో సామాన్ల గది చూస్తాడు. ఎదుటివాడి మాటలో ఒక సూది గుచ్చనిదే ఆ కుర్రవాడికి టీ గొంతు దిగదు. ఎదురుగా, అందరికంటే ముందు, హన్నా. దవాఖానలో ఆయా. పెండ్లయిన పదకొండేళ్లకు పుట్టిన బిడ్డ కరుణ ఒక్కతే ఆమెకు. ఆ పిల్ల వీధి మలుపు తిరిగితే ఈమె గుండె కూడా ఆ మలుపు తిరిగేది. హన్నా సరే అంటే మిగతా తల్లులు సరే అంటారు. హన్నా వెనక్కి తగ్గితే కాగితం మీద లిదియా పేరొక్కటే మిగులుతుంది. ఈ సంగతి లిదియాకు తెలుసు, యోసేపుకూ తెలుసు.

అప్పుడే పెరుగమ్మే మనిషి ఒకామె వచ్చి, సుందర్ రావు ఇంట్లో పెరుగు పోసి, కుండ కడిగి ఇచ్చేదాకా కింది మెట్టు మీద కూర్చుంది. యోసేపు ఆమె వైపు సరిగా చూడలేదు. ఆయన చూపంతా హన్నా ముఖం మీదే ఉంది.

"యోసేపూ," అన్నాడు సుందర్ రావు, "డేరాల కాపురం నీకు తెలిసినంత ఇంకెవ్వరికీ తెల్వదు. ఈ అమ్మలకు జర ధైర్యం వచ్చేటట్టు ఒక సాక్ష్యం చెప్పు."

పొరపాటంతా ఆ ఒక్క మాటలో జరిగింది. ముచ్చట చెప్పు అని ఉంటే మధ్యలో ఎవరైనా ఆపేవారు. సాక్ష్యం అంటే వేరు. దేవుడు చేసిన మేలును పదిమందిలో నిలబడి ఒప్పుకోవడం అది. దాని నడుమ ఎవరూ "అబద్ధం" అనకూడదు. అంటే ఆ దెబ్బ చెప్పేవాడికి కాదు, పైవాడికి తగులుతుంది. "స్తోత్రం" అనాలి, ఊరుకోవాలి. యోసేపులాంటి మనిషికి ఇంతకంటే చదునైన బాట ఎవరు వేస్తారు?

కండువా సర్దుకొని లేచాడు.

"అమ్మలకు, అయ్యలకు అందరికీ వందనాలు. నా గొప్ప ఇసుమంత లేదు, అంతా ఆయన కృప. గిదే ధర్మసాగర్, గిదే కట్ట. పదిహేనేండ్ల కిందటి మాట, ఇంకా నిజాం సర్కారే. మా పెద్ద దొర, నేను, ఒక్క డేరా. పగటి అన్నం తిని దొర మంచం మీద ఒరిగి టోపీ మొఖం మీదికి గుంజుకున్నడు. నేను బయట కూసున్న. పడమటి దిక్కు చూస్తే మబ్బు ఎట్లున్నదంటే, అన్నం మాడిన గంజు అడుగు తీరుగ. జర ఆగుండ్రి, ఈడనే ఉన్నది కిటుకు. వాన పడకముందే డేరా తాళ్లు వదులు చేయాలె. తడిసిన తాడు గుంజుకుంటది, తాడు గుంజుకుంటే గూటం లేస్తది, గూటం లేస్తే డేరా లేస్తది. గా తెలివి దేవుడు నాకిచ్చిండు. లేచిన, నాలుగు దిక్కుల తాళ్లు వదులు చేసిన, వాన వచ్చింది, వాన పోయింది. దొర లేచి శభాష్ యోసేపు అన్నడు. గంతే."

"స్తోత్రం," అన్నారు అందరూ.

లిదియా ముఖం వెలిగింది. సుందర్ రావు కాగితం అందుకోబోయాడు. అక్కడ కూర్చుండిపోతే యోసేపు అంత బుద్ధిమంతుడు ఆ సాయంత్రం వరంగల్‌లో మరొకడు ఉండేవాడు కాదు. కానీ హన్నా అడిగింది.

"అన్నా, ఆడ గాలివాన వస్తదా?"

ఆ గొంతులో వణుకు యోసేపుకు వినబడ్డది. ఆ వణుకును ఎట్లాగైనా ఆపాలి అనుకున్నాడు. నోరు ఒక అడుగు ముందుకేసింది.

"వస్తే రానీ చెల్లె, నేనుంట గద! అసలు సంగతి ఇంకా చెప్పనే లేదు, గొప్పలు చెప్పుకున్నట్టైతదని కడుపుల దాసుకున్న. అది మామూలు గాలి గాదు. కట్ట మీది తాటిచెట్టు వంగి, చెర్ల నీళ్లు తాగి, మల్ల నిలవడ్డది. డేరా లేవబోయింది. నడిమి తాడు నా చేతుల ఉన్నది. ఇడుస్తనా? ఇడువలే. డేరా లేచింది, తాడు లేచింది, తాడుతోని నేనూ లేచిన."

"దొర?" అన్నాడు ఆనందరావు.

"దొర కింద మంచం మీదనే ఉన్నడు. పండుకున్నోన్ని లేపుడు పాపం గద."

"ఎంత ఎత్తు లేచినవ్ తాతా?"

"నేనేమన్న టేపు పెట్టి కొలిసిన్నా? కాజీపేట టేసను కనవడ్డది. రైలు జెర్రి పాకినట్టు పాకుతాంది. ఇంకా లేచిన, మట్టెవాడల మా ఇల్లు కనవడ్డది. మా ఇంటామె పెరట్ల చాట పట్టుకొని బియ్యం ఏరుతాంది."

"బియ్యంల రాళ్లు కూడ కనవడ్డయా?"

"రెండు," అన్నాడు యోసేపు తడుముకోకుండా. "ఇంటికి పోయినంక అడిగిన. 'రెండే ఎల్లినయి, నీకెట్ల ఎరుక' అన్నది. అంతా ఆయన కృప."

"స్తోత్రం," అన్నారు అందరూ, నవ్వాపుకుంటూ. సుందర్ రావు టీ పొలమారింది. ఆ నవ్వు యోసేపుకు ఎండలో చన్నీళ్ల లెక్క తగిలింది. ఎనిమిదేళ్ల తర్వాత ఇంతమంది తన నోటికేసి చూస్తున్నారు. దేవుడు ఎంత మంచివాడు!

హన్నా మాత్రం నవ్వలేదు.

"మీసమున్న మనిషివి నువ్వే ఎగిరిపోతే, తొమ్మిదేండ్ల పిల్ల సంగతేంది?" అన్నది. "లిదియా, మా కరుణ పేరు జర ఆపు."

"మా ఇద్దరివి కూడ," అన్నది వెనకనుంచి ఇంకొక తల్లి.

లిదియా పెన్సిల్ మూడు గీతలు గీసింది. ఇరవై రెండు పందొమ్మిదయ్యాయి. యోసేపు గుండెలో ఒక గూటం లేచినట్టయింది. తాను లేపిన గాలి తానే దించాలి. ఎగిరిన మనిషిని చక్కగా దించితే చాలు, భయం అదే పోతుంది.

"దిగినప్పటి సుఖం ఇనుండ్రి మరి! మల్లెపువ్వు రాలినట్టు దిగిన. ఒక్క గీత పడలే, ఒక్క దెబ్బ తగల్లే. నీళ్లల్లకు మెత్తగ."

"నీళ్లల్లకా!" అన్నది హన్నా. "లోతు లేదా ఆడ?"

"లోతెక్కడిది? కాలు ఆనింది."

"దేని మీద ఆనింది తాతా?" అన్నాడు ఆనందరావు. "చెరువు నడుమ ఏముంటది ఆననీకి?"

ఏముంటుందో యోసేపుకూ తెలియదు. "బండ," అన్నాడు.

"నడిచెర్ల బండనా?"

"గదే నేననుకున్న! నడిచెర్ల బండెక్కడిదిరా అని. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బండ కదిలింది."

తల్లులు ముందుకు వంగారు.

"మొసలి," అన్నాడు యోసేపు. మాట పెదవి దాటగానే నాలుక కరుచుకున్నాడు. కానీ దాటిన మాటకు తాడు కట్టి వెనక్కి గుంజే విద్య దేవుడు ఆయనకు ఇవ్వలేదు. ఇద్దరు తల్లులు లేచారు. ఒకామె "మావి మూడు" అన్నది, ఇంకొకామె "మావి రెండు" అన్నది. పద్నాలుగు.

"కూసోండ్రి తల్లీ, కూసోండ్రి! మొసలంటే గట్లాంటి మొసలి గాదు. ముసల్ది. నోరు తెరిస్తే ఒక్క పన్ను లేదు. పాపం, ఏం తిని బతుకుతాందో అనిపించింది. నేను పాటెత్తుకున్న. రెండో చరణానికి చెవులు నిక్కపొడిచింది, మూడో చరణానికి కండ్లెంట నీళ్లు పెట్టుకున్నది."

"మొసలి కన్నీళ్లేమో," అన్నాడు ఆనందరావు.

"నిజం కన్నీళ్లేనయ్యా! ఈ కండువతోనే తుడిచిన. నన్ను, డేరాను ఈపున ఏసుకొని, దొర తన పిల్లలను బొంబాయిల పడవెక్కించి సీమకు తోలినట్టు, కుదుపు లేకుండ గట్టుకు తెచ్చింది. ఇగ నీళ్ల భయం పోయినట్టే గద? మీ పిల్లలకు పడవ ఖర్చు కూడ లేదు."

"స్తోత్రం," అన్నాడు సుందర్ రావు. ఈసారి ఆయనొక్కడే అన్నాడు, అదీ కింది గొంతుతో. ఆయన ముఖంలో, ఈ సాక్ష్యం అడిగిన నోటిని ఏం చేయాలా అన్న విచారం కనబడుతోంది.

ఆనందరావు మాత్రం టీ గ్లాసు కింద పెట్టి ముందుకు జరిగాడు. "మంచిగనే ఉన్నది తాతా. మరి మొసలి గట్టెక్కింది, దొర గట్టు మీద పండుకున్నడు. పండ్లు లేకున్న మనిషిని మింగచ్చు గద?"

"మింగనిస్తడా? ఆడ కావలి ఉన్నది!"

"ఎవరు?"

యోసేపు చుట్టూ చూశాడు. కావలిని తనే పెట్టాడు, ఎవరిని పెట్టాడో ఇంకా నిర్ణయించుకోలేదు. హన్నా కళ్లు ఆయనను గుచ్చుతున్నాయి. మొసలిని ఆపగలిగినది ఏదైనా ఒకటి కావాలి. వెంటనే కావాలి.

"పులి," అన్నాడు.

ఇక లిదియా ఎవరినీ అడగలేదు. తలదించుకొని గీతలు గీసుకుంటూ పోయింది. తల్లులు పేర్లు చెప్పడం కూడా మానేసి వేళ్లు చూపిస్తున్నారు. యోసేపుకు చెమట పట్టింది. గంతులేసే దున్నను ముక్కుతాడు పట్టి ఆపబోయి దాని వెంట ఉరికే మనిషి తీరుగ అయింది ఆయన పని. ఆపితే కింద పడతాడు, ఆపకపోతే ఎక్కడికి పోతాడో తెలియదు.

"పులంటే పులి గాదమ్మా, దేవుడు పంపిన జవాను అది! దొర మంచం చుట్టు తిరుగుకుంట కాపలా కాస్తాంది. టోపీ మీద ఈగ వాలితే తోకతోని అదిలిస్తాంది. నన్ను చూసింది, మొసలిని చూసింది. రెండూ గుర్రుమన్నయి. నేను నడుమ నిలవడి, 'చూడుండ్రి, ఈడ వాక్యం చెప్పే పనున్నది, కొట్లాటలుంటే రేపు పెట్టుకోండ్రి' అన్న. ఇన్నయి! పులి పండ్లతోని నడిమి గుంజ పట్టుకొని నిలవెట్టింది. మొసలి తోకతోని గూటాలు కొట్టింది. ఒక్క గూటానికి ఒక్క దెబ్బ, రెండో దెబ్బ మాటే లేదు. నేను నా జన్మల గంత నిటారు డేరా కొట్టలే. అయిపోయింది. రెండిటికీ వందనాలు చెప్పిన, ఎవరి దారిన వాళ్లు పోయిండ్రు. గప్పుడు దొర టోపీ తీసి, ఒళ్లిరుచుకొని, 'యోసేపూ, ఏమన్న చప్పుడైందా' అన్నడు. 'ఏం లేదు దొరా, జర గాలి' అన్న."

ఒక్కరు కూడా స్తోత్రం అనలేదు. లిదియా కాగితం మీద ఎనిమిది పేర్లున్నాయి. ఆ ఎనిమిదీ, ఎవరి తల్లులు ఆ పూట రాలేదో వాళ్ల పిల్లలవి. లిదియా కాగితాన్ని రెండు మడతలు పెట్టింది. ఏడవలేదు గానీ, ఏడ్చినా బాగుండేది అనిపించింది యోసేపుకు. ఆ మడత కింద తాను ఎనిమిది రోజులు కుట్టిన డేరా కూడా మడతపడిపోతున్నది. ఇంకేదో చెప్పాలి. ఏదైనా. అందరినీ మళ్లీ కూర్చోబెట్టే ఒక్క మాట.

"ఆగుండ్రి, ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తెలుసు," అన్నది కింది మెట్టు మీది పెరుగమ్మే మనిషి.

అందరూ తిరిగి చూశారు. ఆమె లేచి నిలబడ్డది. ముప్పై దాటిన మనిషి, చేతికి వెండి కడియాలు.

"మాది ధర్మసాగరే. నా పేరు మొగిలమ్మ. ఇందాకటి సంది చూస్తాన, ఈ గొంతు ఎక్కడనో ఇన్న, ఎక్కడనో ఇన్న అని. మీసం తెల్లవడ్డది గని గొంతు గదే. ఓ డేరా అయ్యా, గాలి వచ్చిన కాడికి నిజమే. పులి రాలే, మొసలి రాలే. నువ్వు పండుకున్నవ్."

ఆనందరావు ఆమె వైపు జరిగి కూర్చున్నాడు.

"నేను గప్పుడు కొత్త కోడల్ని. కట్ట కింద మక్కచేన్ల కలుపు తీస్తానం. గాలి లేసింది. తెల్లగ ఏందో చెర్లకు పోతాంటే కొంగల గుంపనుకున్నం. చూస్తే డేరా. కట్టెక్కి చూస్తే దొర నిలువునా తడిసి నిలవడ్డడు. ఈయన ఊడిన గూటం ఒకటి చేతుల పట్టుకొని ఏడుస్తాండు. గంత మీసం పెట్టుకొని ఏడిసే మొగోన్ని నేను గదే మొదటిపారి చూసుడు."

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. యోసేపు కూర్చుండిపోయాడు. కోతలు బయటపడ్డ మనిషికి సాధారణంగా సిగ్గు పట్టుకుంటుంది. ఆయనకు పట్టింది సిగ్గొక్కటే కాదు. పదిహేనేళ్ల కిందటి ఆ వాన చల్లదనం వీపు మీద మళ్లీ తగిలింది.

"ఆ ఏడుపు చూసి మా అత్త బక్కమ్మ ఉరికొచ్చింది," అన్నది మొగిలమ్మ. "మీరెవరు, ఏ ఇంటోల్లు, ఏ దేవునోల్లు అని అడగలే. తడిసిండ్రు, లోపటికి రాండ్రి అన్నది. దొరకు మంచమేసింది. ఈయనకు గొంగడి కప్పి పొయ్యి పక్కన కూసోవెట్టింది. ఇద్దరికి జొన్న గటక పోసింది."

"అవును," అన్నాడు యోసేపు. ఆయన గొంతులో అంత చిన్న మాట ఉందని అక్కడ ఎవరికీ తెలియదు.

"తెల్లారి దొర బండి కట్టించుకొని పోయిండు. ఈయన పోలే."

"ఎందుకు పోలే?" అన్నది హన్నా.

"మా ఇంటి కప్పు సగం ఆ గాలికే లేచిపోయింది. నాలుగొద్దులు ఎక్కి కూసొని కొత్త గడ్డి కప్పిండు. డేరాలకేసే ముడులేసిండు. ఏమి ముడులమ్మా అవి! మొన్న పెంకలేసుకునేదాక ఒక్కటి ఊడలే. ఎన్ని గాలులు రాలే, ఎన్ని వానలు రాలే. పెంకలేసేటోడు ఇప్పరాక ఇప్పరాక, ఆఖరికి కొడవలి పెట్టి కోసిండు."

సుందర్ రావు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"తాతా," అన్నాడు ఆనందరావు, ఈసారి సూది లేకుండా, "గింత మంచి ముచ్చట పెట్టుకొని పులెందుకు మనకు?"

"ఇల్లు కప్పుడు కూడ ఒక ముచ్చటనా బిడ్డా? వాళ్ల గటక తిన్న, వాళ్ల కప్పు కప్పిన." యోసేపు కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "పండుకున్నది నిజమే. తాళ్లు వదులు చెయ్యాల్నని ఎరుకే, మబ్బు చూసిననే. జరసేపాగి లేద్దామని ఒరిగిన. నా నిద్రకు దొర డేరా చెర్ల కలిసింది. ఆయన ఒక్క మాట అనలే. తిట్టినా నేను గంత ఏడ్వకపోదును." లిదియా వైపు తిరిగాడు. "బిడ్డా, నా నోటికి పిల్లలను బలి పెట్టకు. తాళ్ల కిటుకంతా ఆనందరావుకు చూపిస్త. డేరా ఆయన కొడ్తడు. నేను రాను. వాళ్లను పోనియ్యి."

ఎనిమిది రోజుల కుట్టూ, ఎనిమిదేళ్ల ఆశా ఆ రెండు ముక్కల్లో ఇచ్చేశాడు. ఇచ్చినదానికి తోక తగిలించలేదు.

హన్నా ఆయనను చూడలేదు. మొగిలమ్మ వైపే చూస్తూ అడిగింది.

"నిజం చెప్పు చెల్లె. పులులున్నయా ఆడ?"

"పులా? మా కోళ్లనెత్తుకపోను అడవిపిల్లికే దిక్కు లేదు."

"నీళ్లల్ల?"

"ఎండ్రకాయలుంటయి. పిల్లల అలికిడికి అవే ఉరుకుతయి. లోతు మాత్రం ఉన్నది. పిల్లలను గట్టు దిగనియ్యకుండ్రి, గది మీ పని."

"గాలి?"

"గాలి రాదని నేనెట్ల చెప్త? దేవుని గాలి. వస్తే మా ఇల్లున్నది. కట్ట దిగితే మూడో ఇల్లు. కేకేస్తే ఇనవడ్తది. ఇరవై మంది గాదు, నలభై మందొచ్చినా పెంకల కింద పడ్తరు."

హన్నా కొంగు చివర ముడి విప్పింది, వేసింది, మళ్లీ విప్పింది. తల్లులందరూ ఆ కొంగు వైపే చూస్తున్నారు. అరుగు కింద ఎవరిదో కోడి కొక్కొక్కోమంటూ పోయింది.

"యోసేపన్నా," అన్నది చివరికి, "నువ్వు పోకుంటే నా బిడ్డ పోదు."

యోసేపు తలెత్తాడు.

"పులిని నిలవెట్టినోన్ని నమ్మి నేను బిడ్డను పంప. గసొంటోడు నా బిడ్డను ఏ పులి మీదనో ఎక్కిస్తడు. ఒకపారి పండుకొని, లేసి గంత ఏడ్సిన మనిషి, మల్ల మబ్బు చూసి పండుకోడు. తాళ్ల కాడ నువ్వే ఉండాలె. లిదియా, రాయి. కరుణ. జలుబు తొందరగ చేస్తది, నెత్తికి గుడ్డ కట్టు."

లిదియా మడత విప్పింది. "మావి రెండు రాయి" అన్నారు ఎవరో. "మావి మూడు" అన్నారు ఇంకెవరో. పెన్సిల్‌కు ఊపిరాడలేదు. సుందర్ రావు గోడకున్న గడియారం చూసి, ఆరాధనకింకా గంట ఉందని చెప్పి, లోపలికి మరో గిన్నెడు టీకి కేకేశాడు. కాగితం మీద లెక్క ఇరవై నాలుగు దాకా పోయింది. అంతకుముందు లేని రెండు పేర్లు ఎక్కడినుంచి వచ్చాయో ఎవరూ అడగలేదు. దేవుడు ఇచ్చేటప్పుడు కొలత చూడడు.

మొగిలమ్మ కడిగిన కుండ అందుకొని చుట్టకుదురు నెత్తిన పెట్టుకుంటోంది. యోసేపు మెట్లు దిగి ఆమె దగ్గరికి పోయాడు. అడగడానికి భయపడుతున్నట్టు కాసేపు నిలబడ్డాడు.

"బక్కమ్మ ఉన్నదా బిడ్డా?"

"ఉన్నది. చూపానదు, చెవులు మంచిగనే ఉన్నయి. వాన మొదలైతే చాలు, 'ఆ డేరా ఆయన మల్ల రాకనే పాయె, ఏం తిన్నడో ఏమో' అంటది. పదిహేనేండ్ల సంది గదే మాట."

యోసేపు నోరు తెరిచాడు. అరుగు మీద అందరూ మాటలాపారు. ఆనందరావు చెవి ఒగ్గాడు.

"వస్తాండని చెప్పు," అన్నాడు యోసేపు. అంతే అన్నాడు. పోయి గోనెసూది అందుకొని, డేరాకు మిగిలిన ఒక్క చిరుగు కుట్టడానికి గుడి వైపు నడిచాడు.